హంసా, కొంగా? సిక్కోలు చెరువుల్లో తెల్ల పక్షుల్ని విడదీసి చూడడం ఎలా

పోయిన సంక్రాంతికి మా పిన్ని ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. టెక్కలి వైపు ఊరి చెరువు, పొద్దుటి మంచు, మధ్యలో పొడుగు మెడతో తెల్లటి పక్షి. కింద "మన చెరువులో హంస దిగింది, అందరికీ శుభం" అని రాసింది. పావుగంటలో పదిహేను నమస్కారాలు వచ్చిపడ్డాయి. "పిన్నీ, అది హంస కాదు, కొంగ" అని నేను రాయగానే గ్రూపు మూగబోయింది. కాసేపటికి ఫోన్ మోగింది. "ఏటి బాబూ, పండగ పూట అంతమందిలో నా హంసని కొంగని చేసీసినావు!"

పిన్నిని అనడానికేం లేదు. గుళ్ళో, పెళ్ళి పత్రికల మీద, పట్టుచీర అంచుల్లో హంసని రోజూ చూస్తాం గానీ, నీళ్ళ మీద చూసినవాళ్ళు మనలో ఎంతమంది? అసలు హంసలు మన దేశానికి రావడమే అరుదు. ఏ చలికాలమో ఒకటీ అరా దారితప్పి ఉత్తర, వాయవ్య భారతంలో కనబడితే అక్కడి పక్షి ప్రేమికులు రైళ్ళెక్కి పరిగెడతారు. శ్రీకాకుళం, విజయనగరం చెరువుల్లో నిలబడి ఉన్న తెల్ల పక్షి హంస అయ్యే అవకాశం లేనట్టే.

అయితే ఆ రోజు నేనూ పూర్తిగా సరిగ్గా చెప్పలేదు. "కొంగ" అన్నానే గానీ ఏ కొంగో చెప్పలేదు. మన మళ్ళలో తిరిగే తెల్ల కొంగలు నాలుగు రకాలు. నాలుగూ ఒకే మడిలో, ఒకే వరుసలో నిలబడి ఉండగా చూశాను. వాటిని తడబడకుండా విడదీయడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. పొందూరు ఖద్దరు నేసేవాళ్ళ ఇంట్లో కూర్చుంటే, మనకి అన్నీ ఒకే తెలుపుగా కనిపించే నూలుని వాళ్ళు వేలితో రాసి ఇది ఏ పత్తిదో చెప్పేస్తారు. కొంగల దగ్గర కూడా తెలుపుని నమ్ముకుంటే పని జరగదు. ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో కింద రాస్తున్నాను. చివర్లో నిజం హంసల సంగతి కూడా ఉంది, ఎందుకంటే ఇదే పద్ధతి అక్కడా పనికొచ్చింది.

ముందు ఎండ సంగతి

తెల్ల పక్షికి మధ్యాహ్నపు ఎండ శత్రువు. పదకొండు గంటలకి చెరువు గట్టు మీద నిలబడి చూస్తే తెల్లటి మెరుపు తప్ప ముక్కు రంగు తెలియదు, కాళ్ళూ తెలియవు. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపు వెళ్ళండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా గట్టు ఎంచుకోండి. తూర్పు గట్టు మీద నిలబడి పడమరకి చూస్తే పొద్దున్న పూట సరిపోతుంది. మబ్బు పట్టిన రోజు ఇంకా మంచిది, ఈకల మడతలు కూడా కనబడతాయి.

బైనాక్యులర్ కొనేవాళ్ళు ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లున్నది తీసుకోండి. పది రెట్లది, పన్నెండు రెట్లది అని షాపువాడు ఊరిస్తాడు. చేతిలో అవి వణికినంతగా ఇది వణకదు. బైనాక్యులర్ లేకపోయినా ఫోన్‌తో పని నడుస్తుంది. ఫొటో తీసేముందు తెర మీద పక్షిని ఒకసారి నొక్కి, వెలుగుని కాస్త కిందకి లాగండి. ఫొటో చీకటిగా వచ్చినట్టు ఉంటుంది, ఉండనివ్వండి. పక్షి తెల్లగా కాలిపోయిన ఫొటోలో ఎవరూ ఏమీ చెప్పలేరు.

మడిలోకి దిగకండి. నాట్లు వేసిన చేలో మనం అడుగుపెడితే కొంగ ఎగిరిపోతుంది, రైతు తిడతాడు. రెండూ న్యాయమే.

తర్వాత కొంగ కానివాటిని పక్కన పెట్టండి

ఇది ఎగిరేటప్పుడు సులువు. మెడ చూడండి. నాలుగు తెల్ల కొంగలూ, నారాయణ పక్షీ (బూడిద రంగు పెద్ద కొంగ), గుడ్డికొంగా ఎగిరేటప్పుడు మెడని వెనక్కి మడిచి భుజాల మధ్య పెట్టుకుంటాయి. మెడ కర్రలా ముందుకి చాచి ఎగురుతుంటే అది ఈ కుటుంబం కాదు. స్టార్క్ కావచ్చు, ఐబిస్ కావచ్చు, స్పూన్‌బిల్ కావచ్చు, అవీ పొడుగు కాళ్ళ నీటి పక్షులే. పెలికాన్ మాత్రం మెడ ముడుచుకునే ఎగురుతుంది గానీ, ఆ ఒడ్డూపొడవూ, కింద సంచి వేలాడే ఆ ముక్కూ చూశాక దాన్ని కొంగ అనేవాళ్ళుండరు.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానాకాలం మొదట్లో వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టే పక్షి ఓపెన్‌బిల్ స్టార్క్. దూరం నుంచి తెల్లగా, మాసిన పంచెలా కనిపిస్తుంది. రెక్కల చివర నల్లటి ఈకలుంటాయి. రెండు దవడలూ మధ్యలో కలవవు, సందు ఉంటుంది. నత్తగుల్లల్ని పట్టి లోపలి మాంసాన్ని లాగడానికి ఆ ముక్కు. పిల్లలకి ఆ సందు ఉండదు, వయసుతో పాటు వస్తుంది. కాబట్టి సందు కనబడలేదని ఓపెన్‌బిల్ కాదని తేల్చేయకండి. టెక్కలి మండలం తేలినీలాపురంలో శీతాకాలంలో కనబడేవి పెలికాన్‌లూ, పెయింటెడ్ స్టార్క్‌లూ. పెయింటెడ్ స్టార్క్‌కి పసుపు ముక్కు, నారింజ రంగు ముఖం, ఛాతీ మీద నల్లటి పట్టీ, తోక దగ్గర గులాబీ ఈకలు ఉంటాయి. దాన్ని చూసి ఎవరూ తెల్ల కొంగ అనుకోరు.

ఈ రెండు ఊళ్ళ పక్షుల గురించి ఎప్పుడు రాసినా "సైబీరియా నుంచి వచ్చిన అతిథులు" అని రాస్తారు. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. ఓపెన్‌బిల్, పెయింటెడ్ స్టార్క్, మనకి వచ్చే మచ్చల ముక్కు పెలికాన్ మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. నీళ్ళు, మేత, గూటి చెట్లు చూసుకుని ఈ ప్రాంతంలోనే ఇటూ అటూ తిరుగుతాయి. సైబీరియా మొహం కూడా చూసి ఉండవు. పురుటికి పుట్టింటికి వచ్చిన కూతురిని పట్టుకుని విదేశీ అతిథి అన్నట్టు ఉంటుంది నాకైతే.

ఇంకొక్కటి, గుడ్డికొంగ. గట్టు మీద కూర్చున్నప్పుడు మట్టి రంగులో కలిసిపోతుంది. దగ్గరికి వెళ్ళేదాకా కదలదు, అందుకే ఆ పేరు పడినట్టుంది. ఎగరగానే రెక్కలు తళుక్కున తెల్లగా విచ్చుకుంటాయి. అప్పుడే తలెత్తి చూసినవాళ్ళు దాన్ని చిన్న తెల్ల కొంగ అనుకుంటారు. అది దిగేదాకా ఆగండి. దిగి రెక్క ముడవగానే మళ్ళీ మట్టి రంగయిపోతుంది.

నాలుగు కొంగలు, వాటి పనితీరు

మిగిలినవి నాలుగు. పెద్ద తెల్ల కొంగ, అంటే గ్రేట్ ఈగ్రెట్. మధ్యరకం కొంగ, ఇంటర్మీడియట్ ఈగ్రెట్. చిన్న తెల్ల కొంగ, లిటిల్ ఈగ్రెట్. పశువుల కొంగ, క్యాటిల్ ఈగ్రెట్.

ఈ నాలుగింటి గురించి నాకు మొదటి పాఠం చెప్పింది ఒక రైతు. ఆమదాలవలస దాటాక మళ్ళలో దమ్ము పడుతున్నారు. ట్రాక్టర్ చక్రాల వెనక కొంగలు పరుగులు పెడుతున్నాయి. నేను గట్టు మీద పుస్తకం తెరిచి ముక్కు రంగులు వెతుక్కుంటున్నాను. ఆయన బీడీ ఆర్పి, "ఆ పొట్టిది ట్రాకటరు ఎనకే తిరగద్ది బాబు, దానికి నీటితో పని లేదు. అల్లక్కడ బుడబుడలాడించేది ఉంది సూడు, అది సిన్నది. ఆ పొడుగుది మాత్రం తపస్సు సేసుకుంటాది" అన్నాడు. ముక్కు రంగు ఒక్కటీ చెప్పకుండా మూడు కొంగల్ని విడదీసేశాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పశువుల కొంగ గేదెల కాళ్ళ మధ్య, ట్రాక్టర్ వెనక, ఎండు గడ్డిలో తిరుగుతూ మిడతల్నీ పురుగుల్నీ పడుతుంది. చిన్న తెల్ల కొంగ ఒక్కచోట నిలవదు. ఒక కాలితో నీటి అడుగున బురదని కదిలించి, బయటికొచ్చిన చేపపిల్ల వెంట పరుగెత్తి పొడుస్తుంది. పెద్దది నీళ్ళలో కొయ్యలా నిలబడుతుంది, ఐదు నిమిషాలైనా కదలదు. మనవాళ్ళు "కొంగ జపం" అన్నది దీన్ని చూసే అయి ఉండాలి, చిన్నదాన్ని చూసి ఆ మాట పుట్టే అవకాశం లేదు. మధ్యరకానిది మెల్లగా నడిచే వేట. లోతులేని నీళ్ళూ, పచ్చి చేలూ దానికి ఇష్టం.

కానీ ఒక్క పనిని బట్టే తేల్చకండి. ఆకలేస్తే పెద్ద కొంగ కూడా గేదె వెంట నడుస్తుంది. పని చూసి ఒక అంచనాకి రండి, రుజువు కోసం ముఖం దగ్గరికి వెళ్ళండి.

సైజు: పక్కన ఇంకొకటి ఉంటేనే

పశువుల కొంగ దాదాపు అర మీటరు పొడవు. చిన్నది 55 నుంచి 65 సెంటీమీటర్లు. మధ్యరకం 56 నుంచి 72. పెద్దది 80 నుంచి మీటరు దాకా. చిన్నదానికీ మధ్యరకానికీ కొలతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి చూశారా? అందుకే ఒంటరిగా నిలబడ్డ కొంగ సైజుని నమ్మొద్దు. పక్కన గేదె ఉంటే కొంగ చిన్నదవుతుంది, గుడ్డికొంగ ఉంటే పెద్దదవుతుంది. రెండు రకాల కొంగలు పక్కపక్కన ఉన్నప్పుడే సైజు ఏమైనా చెబుతుంది.

అదే మెడ అయితే కొంచెం నిజాయితీగా ఉంటుంది. పెద్దదాని మెడ ఒంటికంటే చాలా పొడుగు, మధ్యలో విరిగి అతికించినట్టు ఒక వంపు ఉంటుంది. మధ్యరకందానికి మెడా ఒళ్ళూ దాదాపు సమానం, తల గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది. పశువుల కొంగకి మెడ పొట్టి, గడ్డం కింద ఈకలు ముక్కు దాకా ముందుకొచ్చి దవడ ఉబ్బినట్టు కనబడుతుంది. గవదలు వచ్చిన పిల్లాడి మొహం గుర్తొస్తుంది నాకు.

ముక్కు రంగు: ఇక్కడే అందరూ బోల్తాపడతారు, నేనూ పడ్డాను

మామూలు రోజుల్లో లెక్క సులువు. ముక్కు నల్లగా ఉంటే చిన్న తెల్ల కొంగ. పసుపుగా ఉంటే మిగిలిన మూడింటిలో ఒకటి. మధ్యరకందానికి పసుపు ముక్కు చివర కాస్త నల్లగా ఉండొచ్చు. ఏ ఫొటో పుస్తకమైనా ఇదే చెబుతుంది.

వానాకాలం వచ్చి గూళ్ళు మొదలయ్యాయా, ఆ లెక్క తలకిందులు. పెద్దదాని పసుపు ముక్కు నల్లబడుతుంది. మన దేశపు మధ్యరకం కొంగదీ నల్లబడుతుంది. పశువుల కొంగ తల, మెడ, వీపు పసుపు నీళ్ళు పోసినట్టు నారింజ రంగుకి తిరుగుతాయి. చిన్నదాని తల వెనక రెండు సన్నటి పొడుగు ఈకలు పిలకలా వేలాడతాయి. మిగతా ఇద్దరికీ వీపు మీద జాలరు లాంటి ఈకలు వస్తాయి, పిలక మాత్రం రాదు.

ఇదంతా చదివి కూడా ఒక జూలైలో నేను పప్పులో కాలేశాను. ఒక ఊరి చివర చింతచెట్ల మీద పద్నాలుగు తెల్ల కొంగలు, అన్నింటికీ నల్ల ముక్కులు. ఎంతో ధీమాగా "చిన్న తెల్ల కొంగలు, 14" అని, పక్షుల్ని చూసేవాళ్ళు లెక్కలు రాసే ఈబర్డ్ వెబ్‌సైటులో లిస్టు ఎక్కించేశాను. రెండు రోజులకి లిస్టులు పరిశీలించే ఒకాయన మర్యాదగా ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "పాదాలు చూశారా?" చూడలేదు. మళ్ళీ బండి వేసుకుని వెళ్ళి చూస్తే వేళ్ళు నల్లగా ఉన్నాయి. పిలకలు లేవు. ముక్కు మొదట్లో, కంటి ముందు చర్మం ఆకుపచ్చగా ఉంది. పద్నాలుగూ పెళ్ళి బట్టల్లో ఉన్న మధ్యరకం కొంగలే. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. లిస్టు దిద్దడానికి నిమిషం పట్టింది, ఆ టెన్షన్ తగ్గడానికి వారం.

పాదాలు

చిన్న తెల్ల కొంగకి నల్లటి కాళ్ళ కింద పచ్చటి పసుపు వేళ్ళు ఉంటాయి, పసుపు మేజోళ్ళు తొడిగినట్టు. ఎగిరేటప్పుడు కాళ్ళు వెనక్కి చాస్తుంది కాబట్టి అప్పుడు బాగా కనబడతాయి. మిగతా మూడింటికీ వేళ్ళు ముదురు రంగే. ఇబ్బంది ఏమిటంటే కొంగ ఎప్పుడూ బురదలోనే ఉంటుంది, బురదకి పసుపూ నలుపూ తేడా లేదు. లేత పక్షుల కాళ్ళు కూడా అంత స్పష్టంగా ఉండవు. అది కాలెత్తి మరో అడుగు వేసేదాకా, లేదా ఎగిరేదాకా ఓపిక పట్టాలి.

పెద్దదానికి గూళ్ళ కాలంలో మోకాలి పై భాగం కాస్త ఎర్రబారుతుంది. ఎప్పుడో కనబడితే సంతోషించండి, వెతక్కండి.

గీత: రంగు మారినా మారనిది

పెద్ద కొంగనీ మధ్యరకాన్నీ విడదీయడమే ఈ మొత్తం పనిలో కష్టం. రెండింటికీ ఒకేసారి ముక్కు పసుపు, ఒకేసారి నలుపు. కాళ్ళు రెండింటికీ నలుపే. ఒక్కటే నిలబడి ఉంటే సైజు అబద్ధం చెబుతుంది. మెడ ముడుచుకుని కునుకు తీస్తుంటే మెడా పనికిరాదు.

అప్పుడు నోటి చీలిక చూడాలి. పై దవడా కింది దవడా కలిసే గీత ముక్కు చివర నుంచి మొదలై కన్ను వైపు వస్తుంది కదా, అది ఎక్కడ ఆగిందో చూడండి. పెద్ద కొంగకి ఆ గీత కన్ను కింద నుంచి దాటి వెనక్కి పోతుంది, ఎవరో కాటుక పుల్లతో లాగినట్టు. మధ్యరకం కొంగకి కన్ను కిందనే ఆగిపోతుంది. వానాకాలమైనా ఎండాకాలమైనా ఆ గీత మారదు. ముక్కు రంగుతో పాటు కంటి ముందు చర్మం రంగూ మారుతుంది, ఇది మాత్రం మారదు.

చూసే పద్ధతి కూడా చెబుతాను. పక్షి పక్కకి తిరిగి ఉండాలి, మన వైపు ముఖం పెట్టి ఉంటే గీత తెలియదు. కన్ను మధ్యలోంచి కిందకి ఒక నిలువు దారం వేలాడుతోందనుకోండి. గీత ఆ దారం దగ్గర ఆగిందా, దాన్ని దాటి వెనక్కి వెళ్ళిందా? ఆగితే మధ్యరకం, దాటితే పెద్దది. ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే ఇంకా సులువు. ఆరేడు ఫొటోల్లో ఒకటైనా పక్కకి తిరిగినది దొరుకుతుంది. పిన్ని సంక్రాంతి ఫొటోని నేను ఇలాగే పెద్దది చేశాను. గీత కన్ను దాటి వెనక్కి పోయింది. పెద్ద తెల్ల కొంగ.

సముద్రం వైపు వెళ్ళేవాళ్ళకి

వంశధార కలిసే కళింగపట్నం దగ్గర, నౌపడా ఉప్పు మళ్ళ వైపు చూసేటప్పుడు అయిదో పక్షిని గుర్తుంచుకోండి, అది రీఫ్ హెరాన్. ఇది బూడిద రంగులోనూ, తెలుపులోనూ ఉంటుంది. తెల్లది చిన్న తెల్ల కొంగకి కవల. ముక్కు చూడండి: రీఫ్ హెరాన్ ముక్కు ఇంకాస్త లావు, చివర కొద్దిగా కిందకి వంగినట్టు ఉంటుంది, నల్లగా కాక గోధుమ పసుపు కలిసినట్టు ఉంటుంది. అనుమానం తీరకపోతే "చిన్నది లేదా రీఫ్" అని రాసుకోండి. అలా రాసుకోవడం పరువు తక్కువేం కాదు. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి నడుస్తున్న పని అది. అందులో కూడా పేరు తేలని కొంగల్ని "కొంగలు" అని వేరే వరుసలో రాసే వీలుంది. తప్పు పేరు రాసిన లెక్క కంటే ఆ వరుస వెయ్యి రెట్లు నయం.

ఇక హంసలు

మా మేనల్లుడు సియాటిల్‌లో ఉంటాడు. పిన్ని హంస కథ విని, "మావయ్యా, ఇక్కడ మాకు నిజం హంసలే వస్తాయి, రెండు రకాలట, ఏది ఏదో తెలిసి చావట్లేదు" అని వీడియో కాల్ చేశాడు. సియాటిల్‌కి ఉత్తరాన స్కాజిట్ లోయలో చలికాలంలో పొలాల నిండా హంసలు దిగుతాయి. వాటిలో ట్రంపెటర్ హంసా ఉంటుంది, టండ్రా హంసా ఉంటుంది. రెండూ తెలుపే, రెండింటి ముక్కులూ నలుపే, కాళ్ళూ నలుపే. మన పెద్ద కొంగా మధ్యరకం కొంగా కథే అక్కడా.

వాడు చెప్పిన మొదటి గుర్తు, టండ్రా హంసకి కంటి ముందు పసుపు చుక్క ఉంటుందని. నిజమే, చాలావాటికి ఉంటుంది. కానీ కొన్నింటికి ఉండదు. చుక్క కనబడితే టండ్రా అనుకోవచ్చు, కనబడకపోతే ఏమీ చెప్పలేం. రంగు మళ్ళీ మోసమే. అందుకని ఇక్కడా రంగు వదిలేసి గీతే చూడమన్నాను, ఈసారి ముక్కూ ఈకలూ కలిసే అంచు గీత. ఎదురుగా ఉన్నప్పుడు నుదురు చూడాలి. నల్ల ముక్కు తెల్ల ఈకల్లోకి ఎలా చొచ్చుకుపోయింది? ట్రంపెటర్‌కి ఆ అంచు సూదిగా, బాణం మొనలా ఉంటుంది. టండ్రాకి గుండ్రంగా, గిన్నె అడుగులా ఉంటుంది. పక్కనుంచి చూస్తే ట్రంపెటర్ ముక్కు పైభాగం తిన్నగా జారుతుంది, టండ్రాది కాస్త లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. ట్రంపెటర్ కన్ను ముక్కు నలుపులో కలిసిపోతుంది, టండ్రా కన్ను కొంచెం విడిగా తెలుస్తుంది. గొంతు వింటే పని ఇంకా తేలిక: ట్రంపెటర్‌ది లావు బాకా, టండ్రాది సన్నటి కూత. అయితే లేత హంసలు బూడిద రంగులో ఉంటాయి, వాటి ముక్కుల్లో గులాబీ రంగు కలిసి ఉంటుంది. మొదటి రోజే వాటి జోలికి పోవద్దని చెప్పాను.

వాడు అడిగాడు, ఇంత కష్టపడి విడదీయడం ఎందుకని. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఇది. 1930లలో అలాస్కాని పక్కన పెడితే అమెరికాలో మిగిలినట్టు తెలిసిన ట్రంపెటర్ హంసలు 70 లోపే. ఈకల కోసం, చర్మం కోసం వేటాడి అంత దాకా తెచ్చారు. అదే కాలానికి కాస్త ముందు, దొరసానుల టోపీల కోసం గూళ్ళ కాలపు జాలరు ఈకలకి మన తెల్ల కొంగల్ని కూడా ఇలాగే చంపారు. 1902లో పక్షి ఈకల ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించింది. హంసలు అంత తక్కువ మిగిలినప్పుడు టండ్రాని ట్రంపెటర్ అని లెక్క రాసేస్తే ఎన్ని మిగిలాయో ఎవరికి తెలుస్తుంది?

యూరప్‌లో ఉన్న మనవాళ్ళకి వేరే జత ఎదురవుతుంది. హూపర్ హంసా, బ్యూయిక్స్ హంసా. అక్కడ ముక్కు మీద పసుపు రెండింటికీ ఉంటుంది. పసుపు ఎంత ఉందని కాదు, దాని ఆకారం చూడాలి. హూపర్‌కి పసుపు మొనదేలి ముక్కు రంధ్రం దాటి ముందుకి పోతుంది. బ్యూయిక్స్‌కి గుండ్రటి మచ్చలా వెనకే ఆగిపోతుంది. ఈ మచ్చ ఆకారం ఒక్కో బ్యూయిక్స్ హంసకి ఒక్కోలా ఉంటుంది, మన వేలిముద్రల్లాగ. ఇంగ్లండ్‌లోని స్లింబ్రిడ్జ్‌లో పక్షుల చిత్రకారుడు పీటర్ స్కాట్ 1964 నుంచి ఆ మచ్చల బొమ్మలు గీసి, ఏటా తిరిగొచ్చే హంసల్ని పేరు పేరునా గుర్తుపట్టారు. పార్కుల్లో తిరిగే మ్యూట్ హంసతో ఇబ్బందే లేదు: నారింజ ముక్కు, దాని మొదట్లో నల్లటి బుడిపె.

ఆ బుడిపె దగ్గరే మనకి ఇంకో తిరకాసు ఉంది. మన రిసార్టుల్లో, ఫంక్షన్ హాళ్ళ కొలనుల్లో "హంసలు" అని వదిలేవి చాలాసార్లు తెల్ల పెంపుడు పెద్దబాతులు, అంటే గూస్‌లు. వాటిలో ఒక జాతికి ముక్కు మొదట్లో బుడిపె ఉంటుంది, కానీ అది నారింజ రంగులో ఉంటుంది. నిజం హంసకైతే కన్నుకీ ముక్కుకీ మధ్య ఈకలుండవు, నల్లటి చర్మం కన్ను దాకా వెళ్ళి తగులుతుంది. బాతుకి అక్కడ తెల్ల ఈకలే. ఇకపైన అలాంటి చోట ఎవరైనా సెల్ఫీ పంపితే ఆ రెండంగుళాల స్థలం పెద్దది చేసి చూడండి.

మన దగ్గర హంసకి దగ్గరి చుట్టం కావాలంటే ఇచ్ఛాపురం దాటి చిలికా వెళ్ళాలి. చలికాలంలో అక్కడ పట్టె తల బాతులు, అంటే బార్-హెడెడ్ గూస్‌లు, దిగుతాయి. తెల్లటి తల మీద రెండు నల్ల పట్టీలు, హిమాలయాల మీదుగా వచ్చిన ఒళ్ళు. సంస్కృతంలో హంస అన్నది ఈ పక్షినే అని కొందరు పండితులు అంటారు. పిన్నికి ఈ మాట చెప్పాను. "అయితే అదే చూపించు" అంది. వచ్చే డిసెంబరుకి తీసుకెళ్తానని మాటిచ్చాను.

ఆవిడ ఈలోగా ఊరుకోలేదు. మొన్న మళ్ళీ గ్రూపులో ఫొటో పెట్టింది, ఈసారి హంసా శుభమూ ఏమీ లేవు. "ముక్కు పసుపు. పాదాలు బురదలో ఉన్నాయి, కనపడలేదు. మెడ ఒంటితో సమానం. మధ్యరకందేనా?" అని రాసింది. పెద్దది చేసి చూశాను. పక్షి సరిగ్గా కెమెరా వైపు ముఖం పెట్టి నిలబడింది, గీత కనబడే దారి లేదు.

"పక్కకి తిరిగాక ఇంకొకటి తీయి పిన్నీ" అని రాశాను.

"అరగంట నుంచి అదే చూస్తన్నాను. ఇది తిరగట్లేదు" అని వచ్చింది జవాబు.